విద్యాలయమా, వేతనపు జట్టా?

పందొమ్మిదేండ్ల యువకుడొకడు కళాశాలలో జేరి యొక సంవత్సరము గడిపెను. పట్టము చేతికి వచ్చుటకు ఇంకను మూడేండ్లు పట్టును. ఇంతలో, జీతమిచ్చి యాడించు పెద్ద జట్లవారి దృష్టి వానిపై బడెను. వాని తల్లిదండ్రులు జన్మమంతయు శ్రమించినను కూడబెట్టజాలని ధనము వానికి ఒక్క యేటనే లభింపనున్నది. “చదువు ముగించుకొని పొమ్ము, ధనమెక్కడికిని పోదు” అని ఉపాధ్యాయుడు చెప్పును. “దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొమ్ము, రేపు మోకాలు విరిగినచో నిన్ను పిలుచువాడుండడు” అని స్నేహితుడు చెప్పును. ఇద్దరి మాటలును సత్యమునకు దూరములు కావు. ఆ యువకుడేమి చేయవలెను?

ఇది కల్పిత ప్రశ్న కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో బాస్కెట్‌బాల్ ఆడు యువకులకు అర్ధశతాబ్దమునకు పైగా ఏటేట ఎదురగుచున్న ప్రశ్న. అచ్చటి జాతీయ బాస్కెట్‌బాల్ సంఘమున, అనగా ఎన్.బి.ఏ.యందు, 30 జట్లు కలవు. ప్రతి సంవత్సరమును వేసవిలో ఈ జట్లు వరుసక్రమమున ఒక్కొక్క క్రొత్త యాటగానిని కోరుకొనును. ఈ ఎంపికకే డ్రాఫ్టు అని పేరు. రెండు విడతలును కలిసి సాధారణముగా 60 మందికి మాత్రమే పిలుపు వచ్చును. నాలుగేండ్ల చదువు ముగియకమునుపే కళాశాల విడిచి యీ ఎంపికకు నిలుచుట యుక్తమా కాదా యనునదియే వివాదము.

దూరదేశపు ఆటగాండ్ర గొడవ మనకేల యని చదువరులు కొందరడుగవచ్చును. విద్యకును జీవనోపాధికిని నడుమ ఏది ముందు, ఏది వెనుక యని తేల్చుకొనవలసిన దినము ప్రతి గృహమునకును ఒకప్పుడు వచ్చును. ఆ దినమున సలహా చెప్పువారు చాలమంది యుందురు. ఆ సలహాదారుల లాభనష్టములు కూడ సలహాలో కలిసియుండునని తెలిసికొనుటకు ఈ చరిత్రమును మించిన దృష్టాంతము మాకు దొరకలేదు. మేము బోధకవృత్తిలో నున్నవారము. విద్యార్థి నడుమ చదువు మానినాడని వినినప్పుడు మా మనస్సు నొచ్చుకొనుట సహజము. చదువు మానరాదనియే మేమును మొదట తలచితిమి. చరిత్రమును మొదటినుండి చూచిన కొలదిని ఆ తలపు కొంత మారినది. ఎట్లు మారెనో విన్నవించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ యాట విద్యాలయముననే పుట్టినది. 1891 డిసెంబరులో మసాచుసెట్సు రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో, కెనడా దేశీయుడగు జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున ఇంటిలోపల ఆడదగిన ఆట యొకటి కావలెనని యాలోచించి, పండ్లబుట్టలు రెండింటిని ఎత్తుగా కట్టించి, 13 నియమములు వ్రాసి, తన విద్యార్థులచే ఆడించెను. ఆటను ఆయన విద్యలో భాగముగా నెంచెనేగాని వర్తకముగా నెంచలేదు. వై.ఎం.సి.ఏ. వారి మూలముననే యది దేశదేశములకు వ్యాపించెను. 1920లో హారీ క్రో బక్ అను నాయన మద్రాసులో వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు రాజధానిలోనివే. నేడు మన పాఠశాలల యావరణములలో ఇనుప వలయమును, దాని క్రింద ఎగురు పిల్లలను చూచుచున్నాము. ఆ వలయము వెనుక నూట ముప్పదియేండ్లకు పైబడిన చరిత్రము కలదు.

విద్యాలయమున పుట్టిన ఆటను అంగడికి తెచ్చినవారు క్రీడామందిరముల యజమానులు. 1946లో వారు బాస్కెట్‌బాల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా యను సంఘమును ఏర్పరచిరి. 1947లో మొదటి డ్రాఫ్టు జరిగెను. 1949లో ఆ సంఘము వేరొక సంఘముతో కలిసి ఎన్.బి.ఏ. అయ్యెను. ఉన్నతపాఠశాల విడిచిన పిమ్మట నాలుగేండ్లు గడువనిదే యెవ్వరును తమ జట్లలో ఆడరాదని వారొక నియమమును పెట్టుకొనిరి. దీనిని విద్యాభిమానమని పొగడుటకు ముందు ఒక సంగతి గమనింపవలెను. ఆ కాలమున వేతనపు జట్లకంటె కళాశాలల జట్లకే ఆదరణ యెక్కువ. కళాశాలలు యువకులకు ఉచితముగా శిక్షణమిచ్చి, వారి పేరును దేశమంతట మ్రోగించి, సిద్ధమైన ఆటగాండ్రను యజమానుల చేతికి అందించుచుండెను. పెంచువాడొకడు, పండు కోసికొనువాడొకడు. అట్టి తోటయొక్క కంచెను యజమానులేల తెంచుకొందురు?

ఈ కంచె విద్యార్థిని కళాశాలలో నిలుపజాలకపోయెనని 1958లోనే తెలిసినది. నైస్మిత్ తన యుత్తర జీవితమున బోధించిన కాన్సస్ విశ్వవిద్యాలయముననే విల్ట్ చేంబర్లేన్ అను అసమాన క్రీడాకారుడు మూడేండ్లు చదివి, చదువు ముగింపకయే విడిచెను. నాలుగేండ్ల గడువు తీరలేదు గనుక ఎన్.బి.ఏ.లో ప్రవేశము లేకపోయెను. అతడేమి చేసెను? పుస్తకములకడకు మరలలేదు. వినోద ప్రదర్శనములిచ్చుచు ఊరూర తిరుగు హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అను జట్టుతో ఒక సంవత్సరము గడిపి, 1959లో ఫిలడెల్ఫియా జట్టులో జేరెను. చేరిన యేటనే ఉత్తమ నూతన క్రీడాకారుడనియు, సంఘమంతటికిని అత్యుత్తముడనియు రెండు బహుమానములను పొందెను. నియమము అతనిని వేతనమునకు ఒక యేడు దూరము చేసెనేగాని, విద్యకు ఒక దినమైనను దగ్గర చేయలేదు.

ఆ కంచెను తెంచినవాడు స్పెన్సర్ హేవుడ్. ఇతడు 1949లో మిసిసిపీ రాష్ట్రమందలి సిల్వర్ సిటీ యను చిన్న యూరిలో నిరుపేద నీగ్రో కుటుంబమున పుట్టెను. తండ్రి యతడు పుట్టకమునుపే మరణించెను. తల్లి పది మంది బిడ్డలను పెంచెను. ప్రత్తిచేలలో ప్రత్తి తీయుచు హేవుడ్ బాల్యము గడిచెను. 1968లో మెక్సికో నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో తన దేశమునకు స్వర్ణపతకమును తెచ్చిన జట్టులో అతడు ముఖ్యుడు. డెట్రాయిట్ విశ్వవిద్యాలయమున ఒక యేడాది యాడి, 1969లో చదువు విడిచి, 1967లో వెలసిన ఏ.బి.ఏ. యను పోటీ సంఘమునందలి డెన్వర్ జట్టులో చేరెను. కుటుంబకష్టములు గలవారిని ముందుగా చేర్చుకొనుటకు ఆ సంఘమువారు సమ్మతించిరి. మొదటి యేటనే అతడు ఆ సంఘమున అత్యుత్తముడని పేరొందెను.

1970లో హేవుడ్ ఎన్.బి.ఏ.లోని సియాటిల్ జట్టుతో ఒడంబడిక చేసికొనెను. నాలుగేండ్ల నియమమును చూపి సంఘము అభ్యంతరము పెట్టెను. అతడు న్యాయస్థానమున కెక్కెను. ఆటగాని యౌవనము స్వల్పకాలికము. ఆ కాలమున ఆడనీయనిచో దేహపాటవము తగ్గును, ఆ నష్టమును తరువాత ధనముతో పూరింపజాలము, అని అతని పక్షపు వాదము. 1971 మార్చి 1వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తి విలియం డగ్లస్, వ్యాజ్యము తెగువరకు అతనిని ఆడనీయవలెనని ఉత్తరువిచ్చెను. తరువాత సంఘము రాజీకి వచ్చెను.

ఆ రాజీవలన కలిగిన క్రొత్త నియమమును చదువరులు గమనింతురుగాక. పేదరికమును ఋజువు చేసికొన్న విద్యార్థి నాలుగేండ్లు గడువకయే డ్రాఫ్టునకు నిలువవచ్చునట! తన శ్రమకు కూలి యడుగుటకు ముందు తన దారిద్ర్యమునకు సాక్ష్యము చూపవలసి వచ్చెను. ఈ యవమానకరమైన షరతు 1976లో తొలగెను. అప్పటినుండి ఎవరైనను తమ యిష్టముచే ముందుగా పేరీయవచ్చును. వ్యాజ్యము నడిచిన దినములలో పరజట్ల మైదానములలో జనులు హేవుడ్‌ను నిందించిరి. 2015లో మాత్రము ఆ క్రీడాకీర్తిమందిరము అతనిని గౌరవించెను. దారి వేసినవానికి ముండ్లును, నడిచినవారికి పూలును దక్కుట మన సంఘసంస్కర్తల చరిత్రమునందును చూచినదే.

ఆ దారిని నడిచినవారిలో మహాప్రసిద్ధులు కలరు. మేజిక్ జాన్సన్ మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునకు జాతీయ విజయమును తెచ్చి, రెండేండ్ల చదువుతోనే 1979లో వెడలెను. మైకేల్ జోర్డన్ నార్త్ కెరొలైనాలో మూడేండ్లు చదివి 1984లో విడిచెను. కళాశాల గడప త్రొక్కనివారును కలరు. కెవిన్ గార్నెట్ 1995లో, కోబీ బ్రయంట్ 1996లో, లెబ్రాన్ జేమ్స్ 2003లో ఉన్నతపాఠశాలనుండి నేరుగా వేతనపు జట్లకు పోయి లోకవిఖ్యాతులైరి. 1995 మొదలు 2005 వరకు ఇట్లు ఎంపికైనవారు నలువదికి దగ్గరగా నుందురు.

అయితే దీపము చుట్టు వెలుగు కనబడును గాని క్రింది చీకటి కనబడదు. 1996లో దక్షిణ కెరొలైనాకు చెందిన టాజ్ మెక్‌డేవిడ్ అను విద్యార్థి పేరిచ్చెను. ఏ జట్టును అతనిని పిలువలేదు. కళాశాలలో ఆడుటకు హక్కును పోయెను. 1998లో కోర్లియోన్ యంగ్ అనువాడు డెట్రాయిట్ జట్టుకు ఎంపికయ్యెను గాని, ఎన్.బి.ఏ.లో అతడు ఆడిన ఆటలు మూడే. 2002లో లెనీ కుక్ అనువాడు, దేశమందలి బాలక్రీడాకారులలో అగ్రగణ్యుడని కొనియాడబడినవాడు, అరువది పేర్లలో ఒకటి కాజాలకపోయెను. 2015లో పంజాబు రాష్ట్రమందలి బల్లోకే గ్రామమునుండి పోయిన సత్నాం సింగ్, కళాశాలలో చేరకయే, 52వ వాడుగా డాలస్ జట్టుకు ఎంపికై, భారతదేశమున పుట్టి డ్రాఫ్టునందు పిలువబడినవారిలో ప్రథముడయ్యెను. అయినను ఎన్.బి.ఏ. ఆటలో ఒక్కసారియైన దిగు అవకాశము అతనికి రాలేదు. ఎంపిక వేరు, ఉద్యోగము వేరు.

లెక్క చూతము. 30 జట్లకు జట్టొక్కంటికి 15 మంది చొప్పున స్థిరమైన స్థానములు 450. పైతరగతి కళాశాల జట్లు 350కి పైగా కలవు. వానిలో ఆడు విద్యార్థులు నాలుగు వేలకు మించుదురు. వారికి తోడు విదేశీయులును ఈ స్థానములకొరకే వత్తురు. మొదటి విడతలో ఎంపికైనవానికి రెండేండ్ల జీతము స్థిరము. మూడవ, నాలుగవ యేండ్లు జట్టువారి యిష్టము. రెండవ విడతవానికి నియమముచే ఏ హామీయు లేదు. కావున 30వ పేరునకును 31వ పేరునకును నడుమ గల యంతరము ఒక్క సంఖ్య కాదు. రెండు సంవత్సరముల నిశ్చింత. ఈ భేదము తెలియకయే పేరిచ్చువాడు లోతు చూడక ఏటిలో దిగినవాడు.

ఇంకొక లెక్కయును కలదు. 1994లో గ్లెన్ రాబిన్సన్ అను క్రొత్త యాటగాడు పదేండ్లకు 6 కోట్ల 80 లక్షల డాలర్ల ఒడంబడికను సంపాదించెను. యజమానులు వెరచి, 1995లో క్రొత్తవారి జీతములకు ఒక పట్టికను నిర్ణయించిరి. ఎన్నవవాడుగా ఎంపికైన ఎంత జీతమను సంగతి ముందుగానే వ్రాయబడియుండును. బేరమాడుటకు వీలు ఆ మొదటి ఒడంబడిక ముగిసిన పిమ్మటనే. అనగా కళాశాలలో గడపిన ప్రతి సంవత్సరమును ఆ పెద్ద బేరమును ఒక సంవత్సరము వెనుకకు నెట్టును. క్రీడాకారునికి ముప్పదియైదేండ్లకు వార్ధక్యము వచ్చును గనుక ఆ సంవత్సరము స్వల్పము కాదు. జీతములను తగ్గించుటకు చేసిన ఏర్పాటే బాలురు త్వరపడుటకు ఒక కారణమయ్యెను. వారిని కేవలము ధనాశాపరులని నిందించువారు ఈ లెక్కను చూడరు.

బాలురు మరీ చిన్నవయస్సున వచ్చుచున్నారని 2005లో సంఘపు యజమానులును ఆటగాండ్ర సంఘమును కూడి ఒక నియమము చేసిరి. డ్రాఫ్టునాటి సంవత్సరమున 19 ఏండ్లు నిండవలెను. ఉన్నతపాఠశాల విడిచి యొక సంవత్సరము గడువవలెను. ఇది 2006 డ్రాఫ్టునుండి అమలునకు వచ్చెను. ఇరువది యేండ్ల వయస్సు కావలెనని యజమానులు మొదట కోరిరి. పందొమ్మిదింట రాజీ కుదిరెను. దీని ఫలితమేమి? ఒక్క సంవత్సరము మాత్రమే యుండి పోవు విద్యార్థుల తరగతి యొకటి ఏర్పడెను. మొదటి అర్ధసంవత్సరపు పరీక్షలలో గట్టెక్కిన చాలును. వసంతమున ఆటలు ముగియును. అంతట మూట గట్టుటయే. 2012లో కెంటకీ విశ్వవిద్యాలయము జాతీయ విజేత యయ్యెను. ఆ జట్టులో మొదటి యేటి విద్యార్థులగు ఆంథొని డేవిస్, మైకేల్ కిడ్-గిల్‌క్రిస్ట్ అనువారే ఆ వేసవిలో ఎంపికయందు మొదటి రెండు స్థానములను పొందిరి.

1972కు పూర్వము మొదటి యేటి విద్యార్థులను పెద్ద కళాశాలల ముఖ్య జట్లలో ఆడనిచ్చుచుండలేదు. క్రొత్తవాడు మొదట చదువునకు అలవాటు పడవలెనని పెద్దల తలపు. ఆ యేడే ఆ నిషేధమును కళాశాలలు తొలగించెను. అట్టి నిషేధముతోడనే 2005 నాటి నియమము కూడియుండినచో, ఆ యొక్క సంవత్సరమైనను చదువునకు దక్కెడిది. అట్లు కాక, చదువునకని పిలిచి ఆటకు వాడుకొనుట జరిగినది. ఐరోపాలో ఈ వేషము లేదు. అచ్చట క్రీడాసంఘములే బాలురను చేర్చుకొని పెంచును. స్లొవీనియా దేశీయుడగు లూకా డాంచిచ్ 2015లో పదునారేండ్ల వయస్సున స్పెయిన్ దేశపు రియల్ మాడ్రిడ్ పెద్దల జట్టులో ఆడి, 2018లో ఎన్.బి.ఏ.కు ఎంపికయ్యెను. అతనిని కళాశాల యేల విడిచితివని అడిగినవారు లేరు.

ఇక సలహా చెప్పు కళాశాలల సంగతి విచారింతము. ఆడు విద్యార్థికి అచ్చట ‘విద్యార్థి క్రీడాకారుడు’ అని పేరు. వినుటకు సొంపైన యీ పేరు పుట్టుక సొంపైనది కాదు. కళాశాలల క్రీడాసంఘమగు ఎన్.సి.ఏ.ఏ.కు 1951 మొదలు 1988 వరకు అధికారిగా నుండిన వాల్టర్ బయర్స్, గాయపడిన ఆటగాండ్రు ఉద్యోగులుగా పరిహారమును కోరకుండుటకై తామీ పేరును కల్పించితిమని 1995లో ప్రకటించిన తన గ్రంథమున ఒప్పుకొనెను. 1955లో కొలరాడో రాష్ట్రమున రే డెన్నిసన్ అను విద్యార్థి ఫుట్‌బాల్ ఆటలో తలకు దెబ్బ తగిలి మరణించెను. భార్య పరిహారము కోరగా, కళాశాల ఫుట్‌బాల్ వ్యాపారము చేయుట లేదని 1957లో ఆ రాష్ట్రపు పై న్యాయస్థానము నిరాకరించెను. వ్యాపారము కాదనిన ఆ కళాశాల క్రీడలే, 2010లో బాస్కెట్‌బాల్ పోటీల దూరదర్శన ప్రసారములకు 14 ఏండ్లకుగాను 1,080 కోట్ల డాలర్లకు ఒడంబడిక చేసికొనెను. 1973 మొదలు చిరకాలము విద్యార్థి వేతనము ఒక్కొక్క యేటికే ఇయ్యబడుచుండెను. శిక్షకునకు నచ్చనిచో మరుసటి యేట అది లేకుండును. నాలుగేండ్లు నిలువుమని విద్యార్థికి బోధించినవారు తాము మాత్రము ఒక యేటికంటె మాట యిచ్చువారు కారు.

ఇచ్చటనే మా మొదటి యభిప్రాయమునకు గట్టి దెబ్బ తగిలినది. విద్య గొప్పదను మాట నిజమే. కాని విద్యార్థి నిలుచుటవలన లాభపడువాడే యా మాట చెప్పునప్పుడు, వినువాడు సందేహించుట తప్పు కాదు. అందును ఆ విద్యార్థులలో పెక్కుమంది బీదలగు నల్లజాతివారు. ధనికుల బిడ్డలు పెక్కుమంది యాడు టెన్నిసు, గోల్ఫు ఆటలలో చదువు మాని వృత్తిలో దిగువారిని గూర్చి ఇంతటి విచారము వినబడదు. బీదవాని కడుపు నిండు సమయమునకే లోకమునకు విద్యాభిమానము జ్ఞప్తికి వచ్చుట వింత గాదా?

ఇటీవలి సంవత్సరములు ఈ విషయమున ఒక పరీక్ష జరిపినవి. 2021 జూనులో సర్వోన్నత న్యాయస్థానము, విద్యార్థులకు చదువునకు సంబంధించి యిచ్చు ప్రయోజనములకు హద్దులు పెట్టుట చెల్లదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ జూలైనుండి తమ పేరును రూపమును ప్రకటనలకు వాడుకొననిచ్చి ధనము తీసికొనుటకు విద్యార్థులకు అనుమతి లభించెను. 2025 జూనులో వేరొక వ్యాజ్యపు రాజీ ననుసరించి, కళాశాలలే తమ క్రీడాకారులకందరకు కలిపి యేటికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా ఇచ్చుటకు వీలు కలిగెను. ఫలితమేమి? డ్రాఫ్టునకు ముందుగా పేరిచ్చినవారు 2021లో 353 మంది కాగా, 2025లో 106 మంది మాత్రమే. మహమ్మారి కాలమున ఇచ్చిన ప్రత్యేక సంవత్సరమువలన 2021 నాటి సంఖ్య కొంత పెరిగినదని తగ్గించి చూచినను, ఈ భేదము గొప్పదే. ఉన్నతపాఠశాల విడిచినవారికి జీతమిచ్చి యాడించుటకై ఎన్.బి.ఏ. 2020లో ఏర్పరచిన ప్రత్యేక జట్టు 2024లో మూతపడెను.

నాలుగు దశాబ్దముల హితోపదేశము చేయజాలని పనిని న్యాయమైన కూలి నాలుగేండ్లలో చేసినది. విద్యార్థులు విద్యను ద్వేషించి పోలేదు. ఆకలియు, అనిశ్చయమును వారిని తరిమినవి. అయినను ఇంతతో మేము సంతోషింపజాలము. ఎక్కువ ధనమిచ్చు కళాశాలకు ఏటేట మారు విద్యార్థి కళాశాలలో నున్నంతమాత్రమున చదువుచున్నాడని చెప్పలేము. పంజరము బంగారుదైనంతమాత్రమున చిలుకకు చదువు వచ్చునా? దేహము తరగతిలో నుండుట వేరు, మనస్సు పుస్తకముమీద నుండుట వేరు.

విద్యను నిజముగా కోరినవారు నిలిచి సాధించిరి, వెడలియు సాధించిరి. బిల్ బ్రాడ్లీ 1965లో ప్రిన్స్‌టన్‌లో పట్టము పొంది, వెంటనే వేతనపు జట్టుకు పోక ఆక్స్‌ఫర్డులో చదివి, 1967లో న్యూయార్కు జట్టులో చేరి, రెండుమారులు విజేతయై, పిదప 18 ఏండ్లు అమెరికా సెనేటులో సభ్యుడుగా నుండెను. టిం డంకన్ చదువు ముగింతునని మరణించిన తల్లికి మాట యిచ్చియుండెను. వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్లును నిలిచి, 1997లో మనస్తత్త్వశాస్త్రమున పట్టము పొంది, ఆ యేట మొదటివాడుగా ఎంపికై, అయిదు మారులు విజేత యయ్యెను. ఇక జోర్డన్ వెడలిన రెండేండ్లకు, 1986లో, మరలి పట్టము పుచ్చుకొనెను. 1992లో విడిచిన షకీల్ ఒనీల్ 2000లో పట్టమును, 2012లో డాక్టరు బిరుదమును పొందెను.

గ్రెగ్ ఓడెన్ చరిత్రము మరియు విచారింపదగినది. ఒహాయో స్టేట్‌లో ఒక్క యేడుండి 2007లో మొదటివాడుగా ఎంపికైన యితనికి ఆ సెప్టెంబరులోనే మోకాలికి శస్త్రచికిత్స జరిగెను. గాయములచే అతడు ఎన్.బి.ఏ.లో ఆడిన ఆటలు మొత్తము 105. చూచువారు తొందరపడెనని యందురు. కాని అతడు మరియొక యేడు కళాశాలలోనే నిలిచియుండినచో ఆ మోకాలు అచ్చట చెడియుండును; జీతమును లేక, స్థానమును లేక మిగిలియుండును. అతడు పోవుటవలన కుటుంబమునకు జీవనము దొరికెను. ఆట ముగిసిన పిమ్మట అదే విశ్వవిద్యాలయమునకు మరలివచ్చి, తనకంటె పదేండ్లకు పైగా చిన్నవారి నడుమ కూర్చుండి చదివి, 2019లో పట్టము పొందెను.

మరియొక సంగతి మా మనస్సును వదలదు. విన్స్ కార్టర్ నార్త్ కెరొలైనాలో మూడేండ్లు చదివి 1998లో విడిచి, టొరంటో జట్టులో చేరెను. మిగిలిన చదువును వేసవులలో పూర్తిచేసెను. 2001 మే 20వ తేదీన అతని పట్టప్రదానోత్సవము. ఆనాటి సాయంకాలమే ఫిలడెల్ఫియాలో అతని జట్టుకు నిర్ణాయకమగు ఏడవ ఆట. అతడు ఉదయమున ఉత్సవమునకు పోయి, విమానమున ఆటకు వచ్చెను. ఆట చివరి క్షణమున అతడు విసరిన బంతి వలయమునకు తగిలి బయటపడెను. జట్టు ఒక్క అంకముతో ఓడెను. పట్టమునకు పోవుటవలననే ఓడెనని జనులు అతనిని దూషించిరి. చదువు మానినందుకు నిందించు లోకమే చదువు ముగించినందుకును నిందించినది! ఈ లోకపు మాటను ప్రమాణముగా పెట్టుకొని యే బాలుడు తన దారిని నిర్ణయించుకొనగలడు?

కావున మా నిర్ణయమును ముగింపుగా చెప్పుదుము. మొదటి విడతలో పిలుపు నిశ్చయమని, నిష్పక్షపాతులగు పరీక్షకులు చెప్పినచో, బీదయింటి యువకుడు పోవుట దోషము కాదు, పోవుటయే ఉచితము. పిలుపు సందిగ్ధమైనచో నిలుచుట వివేకము. ఈ రెంటిని వేరుచేయునది సత్యమైన సమాచారము. పేరిచ్చి, తన విలువను తెలిసికొని, గడువులోపల పేరును తీసికొని మరల చదువుటకు నేడు కళాశాలల నియమములు సమ్మతించుచున్నవి. మెక్‌డేవిడ్ నాటికి అట్టి దారి యుండినచో అతని కథ వేరుగా నుండెడిదేమో. తలుపు ఒక్కసారి మూయబడిన మరల తెరువబడదను భయమే యెక్కువమందిని చెరిచినది.

అంతకంటె ముఖ్యమైనది విద్యాలయముల కర్తవ్యము. వెడలినవానిని ద్రోహియని నిందింపక, ఎప్పుడు వచ్చినను కూర్చుండుటకు పీట వేసి యుంచవలెను. యౌవనమున ముగియవలసిన చదువు నలువదవ యేట ముగిసినను అది చదువే. మేము ఉపాధ్యాయులము గనుక విద్యార్థిని నిలుపవలెనని మా కోరిక. కాని నిలుపదగినది తాళముతో కాదు. మా తరగతినుండి ఒకడు జీవనోపాధికై నడుమనే వెడలినప్పుడు, వాడు పోయెనని విచారించుటకు ముందు, వాడు మరలి రాదగిన విద్యను వానికి రుచి చూపితిమా యని మమ్ము మేము ప్రశ్నించుకొనుట మేలు. ఓడెన్ ఆట ముగిసిన పిమ్మట విశ్వవిద్యాలయపు మెట్లెక్కి వచ్చినాడన్నచో, ఆ మొదటి యొక్క సంవత్సరమున ఎవరో యొక బోధకుడు అతనికి ఆ రుచిని చూపియుండవచ్చునని మేము నమ్ముచున్నాము.